డిమెన్షియా సంరక్షణ: నాలుగు గోడల మధ్య నుంచి నలుగురి మధ్యకు

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని 'లాసి-డాడ్' అనే జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. 2023లో వెలువడిన ఈ ఫలితాల ప్రకారం, 2036 నాటికి ఈ సంఖ్య సుమారు 1 కోటి 69 లక్షలకు చేరవచ్చు. పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే పల్లెల్లో ఈ సమస్య ఎక్కువగా కనిపించింది.

ఈ లెక్కలోకి రానివారు ఇంకా ఎందరో ఉన్నారు. డిమెన్షియా ఉన్న మనిషికి స్నానం చేయించేవారు, అన్నం తినిపించేవారు, రాత్రి తలుపు గడియ తీసిన చప్పుడైతే ఉలిక్కిపడి లేచేవారు. మన దేశంలో ఈ పని చేసేది ఎక్కువగా భార్య, కోడలు లేదా కూతురు. వారికి జీతం ఉండదు, సెలవు ఉండదు, శిక్షణ అసలే ఉండదు. రోగికి డాక్టర్ చీటీ రాసి ఇస్తారు. సంరక్షకురాలి చేతికి ఏ చీటీ అందదు.

అల్జీమర్స్ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి. ఇటీవల వచ్చిన యాంటీబాడీ మందులు తొలిదశలో ఉన్నవారిలో వ్యాధి వేగాన్ని కొంత తగ్గిస్తున్నాయి. అయితే వాటి ఖర్చు, వాటికి అవసరమైన స్కానింగులు, నిఘా సామాన్య కుటుంబాలకు అందేవి కావు. అలాగని కుటుంబాలకు చేయగలిగింది ఏమీ లేదనుకోవడం పొరపాటు. సంరక్షకులకు సరైన సమాచారం, చుట్టుపక్కల వారి తోడు, అప్పుడప్పుడు కాస్త విశ్రాంతి దొరికితే ఇద్దరి జీవితాలూ మెరుగుపడతాయని చెప్పే శాస్త్రీయ ఆధారాలు ఉన్నాయి. వాటిలో ఒక ముఖ్యమైన ఆధారం మన దేశంలోని గోవా నుంచే వచ్చింది.

మతిమరుపు వేరు, డిమెన్షియా వేరు

వయసు పెరిగేకొద్దీ పేర్లు వెంటనే గుర్తుకు రాకపోవడం, కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం మామూలే. కాసేపటికి ఆ పేరు గుర్తొస్తుంది, కళ్లజోడు దొరుకుతుంది. డిమెన్షియాలో జరిగేది ఇది కాదు. ముప్పై ఏళ్లుగా రోజూ చేస్తున్న పులుసులో ముందు ఏమి వేయాలో తోచకపోవడం, బాగా తెలిసిన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్క తేలకపోవడం, మాట్లాడుతుండగా మామూలు మాటలే దొరక్కపోవడం, స్వభావంలోనే మార్పు రావడం దీని లక్షణాలు. జ్ఞాపకశక్తితో పాటు ఆలోచన, భాష, నిర్ణయం తీసుకునే శక్తి దెబ్బతిని, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితి వస్తే దాన్ని డిమెన్షియా అంటారు.

డిమెన్షియా ఒకే జబ్బు కాదు. అది వేర్వేరు మెదడు వ్యాధుల వల్ల కలిగే స్థితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 నుంచి 70 శాతం కేసులకు కారణం అల్జీమర్స్ వ్యాధి. మెదడుకు రక్తప్రసరణ దెబ్బతినడం వల్ల వచ్చే వాస్క్యులర్ డిమెన్షియా, లూయీ బాడీ డిమెన్షియా, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా ఇతర ముఖ్య రకాలు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, కుంగుబాటు, కొన్ని మందుల దుష్ప్రభావం వంటివి కూడా డిమెన్షియాలాగే కనిపించవచ్చు. వీటికి చికిత్స ఉంది. అందుకే 'వయసు మీద పడింది, అంతే' అని వదిలేయకుండా ఒకసారి పరీక్ష చేయించడం తప్పనిసరి.

పేరు తప్పితే తీరూ తప్పుతుంది

ఒక జబ్బును జనం ఏ పేరుతో పిలుస్తారన్న దాన్ని బట్టి దాన్ని ఎలా చూస్తారో తెలుస్తుంది. మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ వారణాసిలో వృద్ధుల జీవితాలను పరిశీలించినప్పుడు 'బుర్ర బలహీనపడింది' అన్న మాట అక్కడ వాడుకలో ఉన్నట్టు గమనించారు. కేరళలో దీన్ని 'చిన్నన్' అంటారు, అంటే మళ్లీ చిన్నపిల్లల తనం రావడం. గోవాలో విక్రమ్ పటేల్, మార్టిన్ ప్రిన్స్ చేసిన అధ్యయనంలో ప్రజలు ఈ లక్షణాలను గుర్తుపట్టగలిగారు గాని జబ్బుగా భావించలేదు. ముసలితనంలో సహజమనో, కుటుంబం సరిగా చూడకపోవడం వల్ల, ప్రేమ కరువవడం వల్ల వచ్చిందనో అనుకున్నారు.

ఈ చివరి అభిప్రాయం చేసే హాని చిన్నది కాదు. ఇంట్లో పెద్దావిడకు మతి తప్పితే ఆ నింద నేరుగా కోడలి మీద పడుతుంది. రాత్రింబవళ్లు చాకిరీ చేస్తున్న మనిషే దోషి అవుతుంది. సాయం అడిగితే 'చూసుకోవడం చేతకాలేదు' అని ఒప్పుకున్నట్టవుతుందన్న భయంతో ఆమె నోరు విప్పదు.

తెలుగులోనూ ఇదే చిక్కు. 'మతిమరుపు' అంటే విషయం తేలికైపోతుంది. 'చాదస్తం' అంటే అది జబ్బు కాక స్వభావమైపోతుంది. 'పిచ్చి' అంటే కుటుంబం మొత్తం సిగ్గుతో ముడుచుకుపోతుంది. పుస్తకాల్లో వాడే 'చిత్తవైకల్యం' అన్న మాట ఆసుపత్రి గుమ్మం దాటి వాడుకలోకి రాలేదు. జపాన్‌లో ఇలాంటి సమస్యే ఉండేది. అక్కడ డిమెన్షియాకు వాడే పాత పదంలో తెలివితక్కువతనం అనే అర్థం ధ్వనించేది. 2004లో ప్రభుత్వం దాన్ని మార్చి, 'గ్రహణశక్తికి సంబంధించిన వ్యాధి' అనే అర్థం వచ్చే 'నిన్చిషో' అన్న పదాన్ని అధికారికంగా ప్రవేశపెట్టింది. ఆ దేశం చేపట్టిన ప్రజా ఉద్యమానికి ఈ మార్పే తొలి మెట్టు.

మెదడులో ఏం జరుగుతుంది? ఇంట్లో ఏం కనిపిస్తుంది?

సంరక్షకులను కుంగదీసేది మరపు ఒక్కటే కాదు. మరపుతో పాటు వచ్చే ప్రవర్తన వారిని ఎక్కువగా అలసిపోయేలా చేస్తుంది. ఆ ప్రవర్తన వెనుక మెదడులో జరుగుతున్నదేమిటో తెలిస్తే దాన్ని చూసే కన్ను మారుతుంది.

అల్జీమర్స్‌లో మొదట దెబ్బతినే భాగాల్లో హిప్పోక్యాంపస్ ఒకటి. కొత్త సంఘటనలను జ్ఞాపకాలుగా భద్రపరచడం దీని పని. ఇది పనిచేయనప్పుడు పది నిమిషాల క్రితం జరిగినది మరిచిపోవడం కాదు, అసలు నమోదే కాదు. అందుకే భోజనం చేసి చేయి కడుక్కున్న వెంటనే 'నాకు అన్నం పెట్టలేదు' అంటారు. 'ఇప్పుడే తిన్నారు కదా అత్తయ్యా' అని ఎన్నిసార్లు చెప్పినా ఆ జవాబు కూడా నమోదు కాదు. అందుకే అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. వాదనకు దిగితే ఇద్దరూ అలసిపోతారు. 'ఆకలిగా ఉందా? కాస్త మజ్జిగ ఇస్తాను' అంటే ఆ క్షణం గడుస్తుంది.

దొంగతనం నిందలూ అంతే. గొలుసును జాగ్రత్త చేయాలన్న ఆరాటంతో బియ్యం డబ్బాలో దాచిపెడతారు. దాచిన సంగతి నమోదు కాదు. గొలుసు కనిపించకపోయేసరికి ఉన్న ఖాళీని మెదడు ఏదో ఒక కథతో పూరిస్తుంది. ఇంట్లో రోజంతా కళ్ల ముందు తిరిగే మనిషే ఆ కథలో దొంగ అవుతుంది. అందుకే ఎక్కువ సేవ చేసేవారికే ఎక్కువ నిందలు పడతాయి. ఇది కసితో అన్న మాట కాదని తెలియడం ఆ సంరక్షకురాలికి పెద్ద ఊరట.

సొంత ఇంట్లో కూర్చుని 'ఇంటికి వెళ్లిపోతాను' అనడం మరో లక్షణం. పాత జ్ఞాపకాలు కొత్తవాటి కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి కాబట్టి వారు అడిగే ఇల్లు యాభై ఏళ్ల నాటి పుట్టిల్లు కావచ్చు. పొద్దుగూకే వేళకు ఈ అశాంతి పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. మెదడులోని నిద్ర-మెలకువల గడియారం దెబ్బతినడం, పగటి అలసట, మసక వెలుతురులో నీడలు మనుషుల్లా కనిపించడం దీనికి తోడవుతాయి. సాయంత్రం కాకముందే దీపాలు వేయడం, పగటి నిద్ర తగ్గించడం, ఎండలో కాసేపు నడిపించడం వంటి చిన్న మార్పులు కొంత మేలు చేస్తాయి.

సంఘటన మరిచిపోయినా దాని తాలూకు భావం అంత త్వరగా చెరగదన్నది మరో ముఖ్యమైన విషయం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో అల్జీమర్స్ ఉన్నవారికి విషాద దృశ్యాలు, సంతోష దృశ్యాలు చూపించారు. కాసేపటికి చాలామంది ఆ దృశ్యాలను దాదాపుగా మరిచిపోయారు. కానీ ఆ విచారం, ఆ సంతోషం మాత్రం వారిలో ఇంకా మిగిలే ఉన్నాయి. ఎందుకు బాధగా ఉందో తెలియదు, బాధ మాత్రం ఉంటుంది. 'వారికి ఏం గుర్తుంటుందిలే' అని విసుక్కోవడం ఎందుకు సరికాదో, మనవడు వచ్చి పది నిమిషాలు కూర్చుని వెళ్లడం ఎందుకు వృథా కాదో ఈ ఫలితం చెబుతుంది.

సంరక్షకుల ఒంటికి పడే దెబ్బ

డిమెన్షియా ఉన్నవారి కుటుంబ సంరక్షకులు రోజుకు సగటున 5 గంటలు సేవలో గడుపుతున్నారని, ఈ గంటల్లో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019లో డిమెన్షియా వల్ల ప్రపంచానికి అయిన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లని అంచనా. అందులో దాదాపు సగం ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేసే సేవకు కట్టిన విలువే.

ఈ భారం మనసుతో ఆగదు, ఒంటిలోకి దిగుతుంది. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం ఒక ప్రయోగం చేసింది. డిమెన్షియా ఉన్న బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అదే వయసున్న మరో 13 మంది స్త్రీలను తీసుకుని, అందరి చేతి మీదా ఒకే పరిమాణంలో చిన్న గాయం చేసి అది మానే సమయాన్ని కొలిచింది. మామూలు స్త్రీలలో గాయం సగటున 39 రోజుల్లో మానింది. సంరక్షకుల్లో అదే గాయం మానడానికి సుమారు 49 రోజులు పట్టింది. దీర్ఘకాల ఒత్తిడి రోగనిరోధక వ్యవస్థను నెమ్మదింపజేస్తుందనడానికి ఇంతకంటే సూటి నిదర్శనం ఉండదు.

1999లో ప్రచురితమైన మరో అమెరికా అధ్యయనం జీవిత భాగస్వామికి సేవ చేస్తున్న వృద్ధులను నాలుగేళ్లు గమనించింది. సేవ వల్ల తీవ్ర ఒత్తిడికి లోనైనవారిలో మరణ ప్రమాదం, సేవ చేయాల్సిన అవసరం లేనివారి కంటే 63 శాతం ఎక్కువగా ఉంది. సేవ చేస్తున్నా ఒత్తిడికి లోనుకాని వారిలో ఇంత తేడా కనిపించలేదు. అంటే ప్రమాదం సేవ చేయడంలో కంటే, ఆ సేవ వల్ల నలిగిపోవడంలో ఉంది. ఆ నలుగుబాటును తగ్గించగలమా అన్నదే అసలు ప్రశ్న.

గోవా చూపిన దారి

1998లో ఏర్పడిన '10/66 డిమెన్షియా పరిశోధన బృందం' పేరులోనే ఒక ఫిర్యాదు ఉంది. డిమెన్షియా ఉన్నవారిలో 66 శాతం మంది వర్ధమాన దేశాల్లో ఉండగా, జనాభా స్థాయి పరిశోధనల్లో 10 శాతం కూడా ఆ దేశాల్లో జరగడం లేదన్నది ఆ ఫిర్యాదు. ఈ బృందంతో కలిసి అమిత్ డయాస్, విక్రమ్ పటేల్ తదితరులు 'సంగత్' సంస్థ ద్వారా గోవాలోని రెండు తాలూకాల్లో ఒక ప్రయోగం చేపట్టారు. దాని ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

ప్రయోగం తీరు సరళమైనది. డిమెన్షియా ఉన్న 81 కుటుంబాలను ఎంచుకుని, లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా చేశారు. 41 కుటుంబాలకు వెంటనే సాయం అందింది. మిగతావారికి ఆరు నెలల తర్వాత అందింది. సాయం చేయడానికి వెళ్లినవారు డాక్టర్లు కారు, నర్సులు కారు. ఇంటర్మీడియట్ స్థాయి చదువు, స్థానిక భాష, వృద్ధులతో పనిచేయాలన్న ఆసక్తి ఉన్న మామూలు వ్యక్తులు. వారికి ప్రత్యేక శిక్షణ ఇచ్చి 'గృహ సంరక్షణ సలహాదారులు'గా తయారు చేశారు. వారి వెనుక పార్ట్‌టైమ్‌గా ఒక సైకియాట్రిస్టు ఉన్నారు.

ఈ సలహాదారులు కనీసం రెండు వారాలకొకసారి ఇంటికి వెళ్లేవారు. డిమెన్షియా అంటే ఏమిటో చెప్పడం, స్నానం, భోజనం, మలమూత్రాల విషయంలో ఎదురయ్యే ఇబ్బందులకు ఉపాయాలు చెప్పడం, ప్రవర్తన సమస్య తీవ్రంగా ఉంటే డాక్టర్ దగ్గరకు పంపడం, వృద్ధులకు వచ్చే ప్రభుత్వ పథకాల గురించి చెప్పడం, ఇలాంటి కుటుంబాలను ఒకరితో ఒకరిని కలపడం వారి పని. అన్నిటికీ మించి, సంరక్షకురాలు చెప్పేది కూర్చుని వినడం.

ఆరు నెలల తర్వాత చూస్తే సాయం అందిన కుటుంబాల్లో సంరక్షకుల మానసిక ఆరోగ్యం స్పష్టంగా మెరుగుపడింది. రోగి ప్రవర్తన వల్ల వారికి కలిగే బాధ తగ్గింది. రోగి ప్రవర్తనలో మాత్రం గణాంకాల పరంగా ఖాయమని చెప్పగలిగే మార్పు రాలేదు. అంటే రోగి అదే రోగి, ప్రశ్నలు అవే ప్రశ్నలు. వాటిని భరించే శక్తి మాత్రం పెరిగింది. ప్రయోగం సాగిన కాలంలోనే డిమెన్షియా ఉన్నవారిలో 18 మంది మరణించడం, ఎంత ఆలస్యంగా ఈ కుటుంబాలకు సాయం అందుతోందో గుర్తుచేస్తుంది.

ఇదే బృందం రూపొందించిన 'సంరక్షకులకు చేయూత' కార్యక్రమం మరింత చిన్నది. వారానికి అరగంట చొప్పున 5 సార్లు మాట్లాడడం, అంతే. రష్యాలోని మాస్కోలో, పెరూ రాజధాని లిమాలో దీన్ని పరీక్షించినప్పుడు సంరక్షకుల భారం తగ్గినట్టు తేలింది.

ధనిక దేశాల్లోనూ ఆధారాలు ఇటే చూపుతున్నాయి. న్యూయార్క్‌లో మేరీ మిటెల్‌మన్ బృందం 406 మంది భార్యాభర్తలైన సంరక్షకులపై చేసిన దీర్ఘకాల అధ్యయనం 2006లో వెలువడింది. సంరక్షకులతో విడిగానూ, కుటుంబమంతటితో కలిపీ ఆరు సార్లు కౌన్సెలింగ్, తోటి సంరక్షకుల బృందంలో చోటు, అవసరమైనప్పుడు ఫోన్‌లో సలహా ఇచ్చారు. సాయం పొందినవారు తమ భాగస్వామిని నర్సింగ్ హోమ్‌లో చేర్చాల్సిన సమయం దాదాపు 557 రోజులు వెనక్కి జరిగింది. ఏడాదిన్నర పాటు ఇంట్లోనే కలిసి ఉండగలగడం అది. ఇంతటి ఫలితం వచ్చింది మందుతో కాదు, మాటతో, తోడుతో.

ఆన్‌లైన్ పాఠం చాలదు

సంరక్షకులకు ఇంటర్నెట్‌లో పాఠాలు పెడితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఐసపోర్ట్' అనే ఆన్‌లైన్ శిక్షణను తయారు చేసింది. దాన్ని మన దేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో పరీక్షించారు. 2021లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో సంరక్షకుల భారంలోనూ, కుంగుబాటులోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రోగిని ఒక మనిషిగా గౌరవించి చూసే దృక్పథం మాత్రం పెరిగింది. మధ్యలోనే మానేసినవారు ఎక్కువగా ఉండడం పెద్ద ఇబ్బందిగా మారింది.

ఇందులో ఆశ్చర్యం లేదు. పగలంతా ఒక నిమిషం తీరిక లేని మనిషిని రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలు చదవమంటే కుదిరే పని కాదు. సమాచారం కావాలి, కానీ దాన్ని చేతికి అందించే మనిషి కూడా కావాలి. ఆ మనిషి వచ్చిన అరగంట సేపు రోగి దగ్గర మరొకరు కూర్చుంటే ఇంకా మంచిది.

ఊరంతా తోడైతే

సలహాదారు రెండు వారాలకొకసారి వస్తారు. మిగతా రోజుల్లో ఆ కుటుంబం చుట్టూ ఉండేది ఇరుగుపొరుగు, కిరాణా కొట్టు, ఆటో స్టాండ్, గుడి, మసీదు, చర్చి, బ్యాంకు. వీరందరికీ డిమెన్షియా గురించి కాస్త తెలిస్తే ఏమవుతుందన్న ఆలోచన నుంచి 'డిమెన్షియా స్నేహపూర్వక సమాజం' అనే భావన పుట్టింది.

జపాన్ 2005లో 'డిమెన్షియా సహాయకులు' అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దాదాపు గంటన్నర పాఠం, చివర్లో గుర్తుగా ఒక నారింజ రంగు చేతి పట్టీ. బ్యాంకు ఉద్యోగులు, దుకాణదారులు, పోలీసులు, బడిపిల్లలు సహా కోటి మందికి పైగా ఈ శిక్షణ పొందారు. ఫుకువోకా ప్రాంతంలోని ఒముతా నగరంలో ఏటా ఒక కసరత్తు జరుగుతుంది. దారి తప్పిన వృద్ధుడిగా ఒకరు నటిస్తూ వీధుల్లో తిరుగుతారు. ప్రజలు ఆయన్ను గుర్తించి, భయపెట్టకుండా ఎదురుగా వచ్చి, నెమ్మదిగా పలకరించడం సాధన చేస్తారు. వరదలకు, అగ్నిప్రమాదాలకు ముందస్తు కసరత్తు చేసినట్టే ఇదీ.

బెల్జియంలోని బ్రూజ్ నగరంలో దుకాణాల అద్దాల మీద ముడి వేసిన ఎర్ర రుమాలు బొమ్మ కనిపిస్తుంది. డిమెన్షియా ఉన్నవారు వస్తే ఓపికగా సాయం చేస్తామని దాని అర్థం. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1997లో మనస్తత్వవేత్త బేరె మీసెన్ 'అల్జీమర్స్ కెఫే'ను ప్రారంభించారు. రోగులు, కుటుంబాలు, వైద్యులు నెలకొకసారి ఒకచోట చేరి కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు. జబ్బు పేరును దాచకుండా పలకగలిగే చోటు ఒకటి ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఆ నమూనా తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

మన దేశంలో ఈ దారిలో ముందున్నది కేరళ. 1992లో డాక్టర్ కె. జేకబ్ రాయ్ చొరవతో అక్కడ ఏర్పడిన 'అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా'కు ఇప్పుడు హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో శాఖలున్నాయి. 2014లో కేరళ ప్రభుత్వం ఈ సంస్థతో కలిసి డిమెన్షియా కోసం ప్రత్యేక కార్యక్రమాన్ని చేపట్టి, 'స్మృతిపథం' పేరిట పగటి సంరక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది. పొద్దున తీసుకొచ్చి సాయంత్రం తీసుకెళ్లే ఇలాంటి కేంద్రాలు రోగికి వ్యాపకాన్ని ఇస్తాయి. ఇంట్లోవారికి ఉద్యోగం నిలబెట్టుకునే, లేదా కనీసం కునుకు తీసే వీలు కల్పిస్తాయి. నయంకాని జబ్బులతో బాధపడేవారి ఇళ్లకు స్థానిక వలంటీర్లు వెళ్లే పాలియేటివ్ కేర్ సంప్రదాయం అప్పటికే కేరళలో బలంగా ఉండడం దీనికి కలిసొచ్చింది. డబ్బు కంటే ముందు అక్కడ అలవాటు ఉంది.

తెలుగు నేల మీద ఏం చేయవచ్చు?

డిమెన్షియా పరిశోధనకు తెలుగు ప్రాంతం కొత్త కాదు. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులపై చేసిన అధ్యయనం 2013లో ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివారిలో కూడా ఈ తేడా ఉందని ఆ అధ్యయనం చూపింది. అయితే ఆసుపత్రిలో జరిగే పరిశోధన ఊళ్లోని గుమ్మం దాకా రావాలంటే మధ్యలో మనుషులు కావాలి.

ఆ మనుషులు మనకు ఉన్నారు. గోవాలో సలహాదారులు చేసిన లాంటి పనిని శిక్షణ ఇస్తే మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చేయగలరు. డ్వాక్రా సంఘాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. సభ్యుల్లో ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో తోటివారికి తెలుస్తూనే ఉంటుంది. నెలవారీ సమావేశంలో అరగంట ఈ విషయానికి కేటాయించినా ఒక సహాయక బృందానికి బీజం పడినట్టే. అయితే ఆశా కార్యకర్తల మీద ఇప్పటికే ఉన్న పనిభారాన్ని మరిచిపోయి, జీతం పెంచకుండా మరో బాధ్యత మోపితే అది సంరక్షకుల భారాన్ని ఇంకో స్త్రీ నెత్తిన పెట్టడమే అవుతుంది. కుటుంబం చేసే సేవను ఉచితంగా లభించే వనరుగా చూడడం ఎంత తప్పో, వలంటీర్ల సేవను అలా చూడడమూ అంతే తప్పు.

విదేశాల్లో, ఇతర నగరాల్లో స్థిరపడిన పిల్లలు ఒక సంగతి గమనించాలి. డిమెన్షియా తొలిదశలో ఉన్నవారు ఫోన్‌లో పది నిమిషాలు ఎంతో చక్కగా మాట్లాడగలరు. 'బాగున్నావా, తిన్నావా, పిల్లలు ఎలా ఉన్నారు' వంటి మాటలు దశాబ్దాల అలవాటు వల్ల తడుముకోకుండా వస్తాయి. 'నాన్న బాగానే ఉన్నారు, అమ్మే కంగారు పడుతోంది' అన్న తీర్పు ఇవ్వడానికి ఆ పది నిమిషాలు చాలవు. ఇరవై నాలుగు గంటలూ పక్కన ఉండే మనిషి చెప్పేదే ఎక్కువ నమ్మదగినది.

ఇరుగుపొరుగువారు చేయగలిగిన పనులు చాలా చిన్నవి. వాటికి శిక్షణ కంటే మనసు ముఖ్యం:

• పలకరించేటప్పుడు 'నేనెవరో చెప్పండి చూద్దాం' అని పరీక్ష పెట్టకండి. 'నేను ఎదురింటి సీతను, పిన్నిగారూ' అని మీరే చెప్పండి.

• ఒకేసారి ఒకే మాట, చిన్న వాక్యం. జవాబుకు కాస్త సమయం ఇవ్వండి.

• వీధిలో ఒంటరిగా, అయోమయంగా కనిపిస్తే వెనుక నుంచి చేయి పట్టుకోకండి. ఎదురుగా వెళ్లి, నవ్వుతూ, 'అటే వెళ్తున్నాను, కలిసి నడుద్దాం' అనండి.

• చొక్కా జేబులో లేదా మెడలోని కార్డు మీద ఇంటి ఫోన్ నంబరు ఉందేమో చూడండి. కుటుంబాలు అలాంటి కార్డు తప్పనిసరిగా ఉంచాలి. దగ్గరలోని కిరాణా కొట్టు, మందుల షాపు, ఆటో స్టాండ్ వారికి ముందే విషయం చెప్పి ఉంచాలి.

• సంరక్షకురాలిని 'ఏమైనా కావాలంటే చెప్పండి' అని వదిలేయకండి. 'ఆదివారం నాలుగింటికి వచ్చి గంట కూర్చుంటాను, మీరు బజారుకు వెళ్లిరండి' అనండి.

• రోగి ఎలా ఉన్నారని అందరూ అడుగుతారు. మీరు ఎలా ఉన్నారని సంరక్షకురాలిని కూడా అడగండి.

వృద్ధులకు, వారి కుటుంబాలకు సలహా కోసం 14567 నంబరుతో 'ఎల్డర్ లైన్' పనిచేస్తోంది. మానసిక ఒత్తిడితో సతమతమవుతున్న సంరక్షకులు 14416 నంబరుకు ఫోన్ చేసి 'టెలీ మానస్' సేవను తెలుగులోనే పొందవచ్చు. ఈ రెండూ ఉచితం.

విధానం లేకుంటే మంచితనం చాలదు

ఇరుగుపొరుగు సాయం ఎంత విలువైనదైనా దానికి హద్దులున్నాయి. మంచానికి పరిమితమైన మనిషిని రోజూ తిప్పి పడుకోబెట్టడం, పుండ్లు పడకుండా చూడడం, మింగలేని స్థితిలో ఆహారం ఇవ్వడం పక్కింటివారు చేసే పనులు కావు. దానికి శిక్షణ పొందిన నర్సులు, పగటి సంరక్షణ కేంద్రాలు, కొద్దిరోజులు రోగిని చూసుకునే విరామ కేంద్రాలు కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఆమోదించిన ప్రపంచ కార్యాచరణ ప్రణాళిక, 2025 నాటికి 75 శాతం దేశాలు డిమెన్షియాపై జాతీయ విధానాన్ని రూపొందించుకోవాలని, అలాగే 75 శాతం దేశాలు సంరక్షకులకు శిక్షణ, సాయం అందించాలని లక్ష్యంగా పెట్టింది. చాలా దేశాలు ఈ గడువును అందుకోలేకపోయాయి. మన దేశంలో 2010-11 నుంచి అమలవుతున్న వృద్ధుల జాతీయ ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వరకు వృద్ధులకు ప్రత్యేక సేవలను, నడవలేని వారికి ఇంటి వద్ద సేవలను ఉద్దేశించింది. డిమెన్షియాను గుర్తించడం, సంరక్షకులను కూడా పలకరించడం అందులో భాగమైతే కొత్త కట్టడమేదీ అవసరం లేకుండానే ఎన్నో కుటుంబాలకు సాయం అందుతుంది.

'మన కుటుంబ వ్యవస్థ ఉందిగా, ముసలివాళ్లకు ఏం లోటు' అన్న మాట మనం తరచుగా వింటాం. కుటుంబం ఉన్నమాట నిజమే. కానీ ఆ కుటుంబంలో ఈ పని చేస్తున్నది ఎక్కువసార్లు ఒక్క మనిషే. ఆ ఒక్కరికి వారానికి ఒక గంట విశ్రాంతి, నెలకు ఒకసారి తనలాంటి వారితో మాట, ఏ వేళకైనా అడగడానికి ఒక ఫోన్ నంబరు. ఇంత చిన్న సాయం కూడా ఫలితమిస్తుందని గోవా నుంచి న్యూయార్క్ వరకు జరిగిన పరిశోధనలు చూపించాయి. 88 లక్షలు 1 కోటి 69 లక్షలు కాబోతున్న వేళ, ఆ సాయాన్ని ప్రతి ఊరికి చేర్చే ఏర్పాటు ఇప్పటి నుంచే మొదలు కావాలి.